చిప్పీకి పేరు చూసి కాదు, వాయి చూసి వెళ్ళాలి

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఏళ్ళ తరబడి ఫిష్ అండ్ చిప్స్, అంటే పిండిపూతతో వేయించిన చేప, వేయించిన బంగాళదుంప ముక్కలు, కొని తిన్నాక వాటిని అమ్మే షాపుల గురించి, అదే చిప్పీల గురించి, నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఒక్కటి ఉంది. అడిగాక చేపను నూనెలో వేసి ఇచ్చే షాపే మంచి షాపు. అవార్డులు, ఆన్‌లైన్ నక్షత్రాలు, గోడమీది పాత ఫొటోలు, అన్నీ దాని తర్వాతే. మన ఊళ్ళో బజ్జీల బండి దగ్గర కొత్త వాయి దిగేదాకా కదలం. ఇక్కడ మాత్రం అద్దాల పెట్టెలో ఎప్పుడు పెట్టారో తెలియని చేపను చేతిలో పెడితే థాంక్యూ చెప్పి తెచ్చుకుంటున్నాం. ఒక్క పొట్లం పది పౌన్లు దాటిన ఈ రోజుల్లో అది నాకు అసలు మింగుడుపడదు.

ఆ పెట్టెను హాట్ బాక్స్ అంటారు. వేయించే మూకుళ్ళకు పైన ఉండే వేడి అర అది. చేప చల్లారకుండా చూస్తుంది, అంతవరకే. చేప నూనెలో ఉన్నంతసేపూ లోపలి నీరు ఆవిరై పిండిపూతను చీల్చుకుని బుడగలుగా బయటికి పోతుంది. అందుకే పూత గుల్లగా తయారవుతుంది. పైకి తీశాక కూడా ఆవిరి ఆగదు, బలం మాత్రం తగ్గుతుంది. ఇక పోయే దారి లేక పూతలోనే ఇంకుతుంది. పది నిమిషాలకే అడుగుభాగం మెత్తబడడం మొదలవుతుంది. అరగంటకు పైన రంగు అలాగే బంగారంలా ఉంటుంది కానీ పంటికింద సాగుతుంది. రంగు చూసి మోసపోయేది ఇక్కడే.

మా పక్క పేటలో అందరూ పొగిడే షాపు ఒకటి ఉంది. నేనూ చాలామందికి చెప్పాను. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు వెళ్తే అక్కడి హాడాక్ చేపకు వంక పెట్టలేం: పూత పలచన, చేప పొరలు పొరలుగా విడిపోతుంది, వేలికి జిడ్డు అంటదు. అదే షాపులో వారం మధ్యలో రాత్రి ఎనిమిది దాటాక తీసుకున్న చేప వేరే షాపుదేమో అనిపించింది. పూత ఒక్క రేకులా ఊడి చేతిలోకి వచ్చింది. దాని లోపలివైపు తెల్లగా, ఉడకని పిండిలా జిగురు. చేపేమో ఎండిపోయి పీచుపీచుగా ఉంది. ఇందులో రెండు తప్పులు కలిశాయి. మొదటిది పెట్టెలో ఎక్కువసేపు ఉండడం. ఆ జిగురు మాత్రం వేయించేటప్పుడే వస్తుంది. చేపను తడి తుడిచి పొడి పిండిలో దొర్లించకుండా జారుపిండిలో ముంచినా, ఆ జారు చిక్కగా ఉన్నా, మూకుడులో ఒకేసారి ఎక్కువ ముక్కలు వేసి నూనె వేడి పడిపోయినా లోపలి పొర ఉడకదు. నూనె 180 డిగ్రీల దగ్గర నిలబడాలి. షాపు మూసేముందు మూకుళ్ళు ఒక్కొక్కటే ఆపేస్తుంటారు కాబట్టి ఉన్న ఒక్కదానిలోనే అన్నీ పడతాయి.

అప్పటినుంచి ఆ షాపు గురించి ఎవరడిగినా మంచిదనే చెబుతాను, ఏ వేళకో కూడా చెబుతాను. రద్దీ వేళలో పెట్టెలో చేప నిలవ ఉండదు, దిగింది దిగినట్టే పోతుంది. క్యూ పొడుగ్గా ఉంటే నిలబడండి. ఖాళీగా ఉంటే, మూసే సమయానికి ఇంకా గంటైనా ఉంటే, కొత్తగా వేయించి ఇవ్వమని అడగండి, ఆగుతామని చెప్పండి. మామూలు సైజు ముక్కకు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. డబ్బిచ్చిన నిమిషంలో పొట్లం చేతికొస్తే అది పెట్టెలోదే. అడిగితే మొహం మాడ్చుకునే షాపుకు నేను మళ్ళీ వెళ్ళను. మా వీధి చివర ఏ అవార్డూ లేని చిన్న షాపులో అడగకముందే "ఆరు నిమిషాలు పడుతుంది లవ్, సరేనా?" అంటారు. పేరున్న షాపులు చాలా చూశాక నాకు దొరికిన పెద్ద సంతోషం అదే.

ఇంత కష్టపడి తాజా చేప సంపాదించి అట్టపెట్టెలో మూత బిగించి తెచ్చుకుంటే, హాట్ బాక్స్ చేసే పనే ఆ పెట్టె దారిలో చేస్తుంది. ఇంగ్లండ్‌లో 2023 అక్టోబరు నుంచి థర్మకోల్ పెట్టెలు నిషేధించారు. అట్ట వాటికన్నా నయం, అయినా మూత మూతే. అక్కడే తినేట్టయితే "ఓపెన్" అనండి, చుట్టకుండా ఇస్తారు. ఇంటికైతే కాగితంలో చుట్టించుకోండి, లేదా మూత సగం తెరిచి పట్టుకెళ్ళండి. చిప్స్ మీద చేపను పడుకోబెడతారు, కిందినుంచి ఆవిరి తగులుతుంది. విడిగా చుట్టమంటే చుట్టి ఇస్తారు. వెనిగర్ షాపులో వేయనివ్వకండి, ఇంట్లో వేసుకోండి. చాలాచోట్ల కౌంటర్ మీది సీసాలో ఉండేది అసలు మాల్ట్ వెనిగర్ కూడా కాదు, ఎసిటిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి రంగు వేసిన నాన్ బ్రూడ్ కాండిమెంట్.

ఇక డ్రిప్పింగ్ మాట. శుద్ధి చేసిన గొడ్డు కొవ్వు అది. యార్క్‌షైర్‌లో చాలా చిప్పీలు ఇప్పటికీ అందులోనే వేయిస్తాయి. దక్షిణాన పామాయిల్, ఇతర నూనెలు ఎక్కువ. డ్రిప్పింగ్‌లో వేగిన చిప్స్ రుచికి సాటి లేదని నేనే చాలాసార్లు అన్నాను. వేడివేడిగా ఉన్నంతవరకు ఆ మాట మీదే ఉన్నాను. కానీ అది గది వేడిలో గడ్డకట్టే కొవ్వు. పొట్లం చల్లారేకొద్దీ అంగిట్లో మైనం పూత పడినట్టుంటుంది. పావుగంట ప్రయాణం ఉంటే నూనెలో వేయించే షాపుదే బాగుంటుంది. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, షెఫీల్డ్‌లకు చదువుకు, ఉద్యోగాలకు వచ్చే మనవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. గొడ్డుమాంసం తినని వాళ్ళు చేప మానేసి ఉత్త చిప్స్ తీసుకున్నా అవీ అదే కొవ్వులో వేగుతాయి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. ఫిష్‌కేక్, బ్యాటర్ స్క్రాప్స్ (మూకుడులో రాలి వేగిన పిండి తునకలు), అన్నిటికీ ఇదే లెక్క. మెత్తగా ఉడికించిన బఠాణీ, అదే మషీ పీస్, వేరే గిన్నెలోది. గ్రేవీలో ఏముందో మాత్రం విడిగా అడగాలి.

చిప్స్‌ను బట్టి షాపును తూచాలంటే నెల చూసుకోండి. వేసవి మొదట్లో గిడ్డంగుల్లో నెలల తరబడి ఉన్న పాత దుంపలు వస్తాయి. చలిలో నిలవున్న దుంపలో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే లోపల ఉడకకముందే పైన నల్లబడి చేదెక్కుతుంది. వెంటనే వచ్చే కొత్త దుంపలో నీరెక్కువ, చిప్స్ వాలిపోతాయి. మారిస్ పైపర్ రకమైనా ఈ రెండు బాధలూ తప్పవు. మే నుంచి జూలై దాకా చిప్స్ బాగాలేవని నేను ఏ షాపునూ కొట్టిపారేయను.

విట్‌బీ లాంటి సముద్రతీర ఊరైతే చేప తాజాగా ఉంటుందన్న నమ్మకమూ పెట్టుకోనక్కర్లేదు. చాలా షాపుల కాడ్, హాడాక్ చేపలు నార్వే, ఐస్‌లాండ్ వైపు నీళ్ళలో పట్టి ఓడమీదే గడ్డకట్టించినవి. అదేమీ లోపం కాదు. పట్టిన కొన్ని గంటల్లోనే గడ్డకట్టిన ముక్క, మంచులో రోజులు గడిపిన "తాజా" ముక్కకన్నా నయం. శుభ్రత రేటింగ్ సున్నా నుంచి ఐదు దాకా ఉంటుంది. తలుపుకు అంటించడం వేల్స్‌లో తప్పనిసరి, ఇంగ్లండ్‌లో కాదు. కనబడకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో చూసుకోవచ్చు. రుచి సంగతి మాత్రం అది చెప్పదు.

నా తీర్పు నా ఇంటిని బట్టే. చిప్పీకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉంటాను, ఆరు నిమిషాలు ఆగే తీరిక ఉంది, కాబట్టి నా ఓటు వీధి చివరి చిన్న షాపుకే. అది నూనెలో వేయించే షాపు, ఇంట్లో డ్రిప్పింగ్ ముట్టని మనిషి ఉంది కనుక మాకు కుదిరింది. ఒక్కణ్ణే వెళ్తే డ్రిప్పింగ్ షాపులో నిలబడి అక్కడే తినేసి వస్తాను. కారులో ఇరవై నిమిషాలు వెళ్ళాల్సినవాళ్ళకు, డెలివరీ తెప్పించుకునేవాళ్ళకు ఈ రెండిటిలో దేన్నీ నేను గట్టిగా సిఫారసు చేయలేను.