బందరు రోడ్డు మీద రూట్స్ విండ్‌టోన్: పాత పల్సర్‌కి పెద్ద హారన్ బిగించాక

అందరూ ముందు ధరే అడుగుతున్నారు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. రూట్స్ కంపెనీ వాళ్ల విండ్‌టోన్ (కారు హారన్‌లా మోగే పెద్ద రకం) హారన్ల జత వెయ్యి రూపాయల లోపే వచ్చింది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ లాంటిది), ఫ్యూజ్ హోల్డర్, వైరు, స్విచ్, బిగింపు కూలీ కలిపితే మళ్లీ దాదాపు అంతే అయింది. చాలామంది మొదటి ఖర్చు కళ్లు మూసుకుని పెట్టేసి, రెండో దాని దగ్గర బేరానికి దిగుతారు. నా లెక్కలో మాత్రం ఆ రెండో ఖర్చే అసలు సరుకు.

నేను మెడికల్ రెప్‌ని. విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల గదుల ముందు కూర్చోవడం సగం ఉద్యోగం, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం దాకా బండి తోలడం మిగతా సగం. బండి పల్సర్ 150, కార్బొరేటర్ రోజులది. కంపెనీ ఇచ్చిన హారన్ చెడ్డదేమీ కాదు. ఊళ్లో గేదెల్ని తప్ప అందర్నీ కదిలిస్తుంది. చిక్కల్లా హైవే మీదే. లారీని కుడిపక్క నుంచి దాటుతుంటాం. సగం దాటాక డ్రైవరు అద్దంలోకి చూడకుండా మన వైపు జరగడం మొదలుపెడతాడు. ఒక పక్క డివైడరు, ఇంకో పక్క లారీ చక్రాలు. ఆ క్షణంలో మన "పీప్" అతని చెవిదాకా చేరదు. క్యాబిన్‌లో ఇంజిన్ మోత, దాని మీద పాట. ఏసీ బస్సయితే అద్దాలు కూడా బిగించి ఉంటాయి.

ఇక్కడ సమస్య శబ్దం ఎంత పెద్దది అన్నదొక్కటే అనుకుంటే తప్పు మందు వేసినట్టే. సన్నటి శబ్దాన్ని అద్దం, రేకు బాగా ఆపేస్తాయి. బొంగురు శబ్దం వాటిలోంచి కాస్త ఎక్కువ చొరబడుతుంది. మామూలు బైకు హారన్‌లోనూ, విండ్‌టోన్‌లోనూ లోపలి పని ఒకటే: అయస్కాంతం ఒక పల్చటి రేకును లాగుతూ వదులుతూ ఉంటుంది. మామూలు హారన్‌లో దాని ముందున్న పళ్లెం మోగి కీచుమంటుంది. విండ్‌టోన్‌లో ఆ కదలిక నత్తగుల్లలా చుట్టిన గొట్టంలోంచి బయటికొస్తుంది కాబట్టి కార్లకుండే గుండ్రటి గొంతు వస్తుంది. అందుకే లారీ డ్రైవరు వెనక కారుందనుకుని ఓసారి అద్దంలోకి చూస్తాడు. నాకు కావలసింది ఆ ఒక్క చూపే.

జతలో ఒకటి మంద్రం, ఒకటి హెచ్చు. ఈ రకం హారన్లలో మామూలుగా ఒకటి 400 హెర్ట్జ్ దగ్గర, రెండోది 500 దగ్గర ఉంటాయి. మా అమ్మాయి సంగీతం క్లాసుకి వెళ్తోంది. మొదటిసారి వాకిట్లో మోగించి చూపిస్తే, "నాన్నా, స, గ రెండూ ఒకేసారి పాడుతోంది" అంది. లెక్క చూస్తే నిజమే. 4కి 5 నిష్పత్తి అంటే షడ్జమానికీ అంతర గాంధారానికీ ఉన్న దూరమే. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టిన రోజు నుంచీ పిల్లలు పాడే "గ" అదే. హారన్లలో వేణువు, తబలా, వయొలిన్ వినిపించాలని కేంద్ర మంత్రి గడ్కరీ గారు 2021లో అన్నప్పుడు నవ్వుకున్నాను గానీ, రెండు స్వరాల దాకా మనం ఎప్పుడో వచ్చేశామన్నమాట.

ఇక బిగింపు సంగతి.

పల్సర్ హెడ్‌లైటు బల్బు 35 వాట్లు, అంటే సుమారు 3 ఆంపియర్లు. విండ్‌టోన్ జత మోగినంతసేపూ 8 ఆంపియర్లకు పైనే లాగుతుంది. బైకు హారన్ బటన్, దాని సన్నటి వైర్లు ఇంత కరెంటు కోసం పెట్టినవి కావు. రిలే లేకుండా పాత హారన్ వైర్లకే కొత్తవి తగిలిస్తే మొదటిరోజు బ్రహ్మాండంగా మోగుతాయి. షాపువాడు డబ్బులు తీసుకునేది ఆ మొదటిరోజే కదా! మా కొలీగ్ ఒకడికి అలాగే బిగించారు. కొన్నాళ్లకు బటన్ లోపలి పాయింట్లు కాలి అతుక్కుపోయాయి. వేలు తీసినా హారన్ ఆగదు. అదీ సరిగ్గా ఒక నర్సింగ్ హోమ్ గేటు ముందు. కీ తీసేదాకా మోగుతూనే ఉంది. ఆ డాక్టరు గారు మావాడిని తర్వాత చాలాకాలం "హారన్ కంపెనీ ఆయన" అనే పిలిచారు. మందుల కంపెనీ పేరు మాత్రం గుర్తులేదట!

అందుకని ఆటోనగర్‌లో ఒక పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగు చేసీ చేసీ చేతులు నల్లబడ్డ మనిషి. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు గుట్టగా పడున్న చిన్న షాపు. "బాబాయ్, రిలే వేస్తే ఎంత, వేయకపోతే ఎంత?" అని పరీక్షగా అడిగాను. నా వైపు చూడనైనా చూడకుండా, "వేయకుండా కావాలంటే అవతలి వీధిలో చాలామంది ఉన్నారు సార్. టీ తాగొచ్చేలోపు చేసేస్తారు" అన్నాడు. బండి స్టాండు వేసేశాను.

ఆయన చేసిన పని ఇదీ. బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా రిలే మీద 30 అని నంబరున్న కాలికి (పిన్నుకి) ఒక వైరు. 87వ కాలి నుంచి రెండు హారన్లకీ లావు వైరు. హారన్ల రెండో కాలు నుంచి మళ్లీ బ్యాటరీ మైనస్‌కి విడిగా ఇంకో వైరు. "పెయింటు వేసిన లెగ్ గార్డుకి ఎర్త్ ఇస్తే ఇవాళ మోగుద్ది, వర్షాకాలం తర్వాత మోగదు" అన్నాడు. రిలేలో మిగిలిన 85, 86 కాళ్లు దాని కాయిల్‌వి, వాటికి పాత హారన్‌కొచ్చే వైర్లు. కొన్ని బళ్లలో బటన్ నొక్కితే ప్లస్ కలుస్తుంది, కొన్నింట్లో ఎర్త్ కలుస్తుంది. పాత హారన్ రెండు వైర్ల మధ్యే రిలే కాయిల్ పెడితే ఎలాంటి బండైనా బాధలేదు. ఇప్పుడు బటన్ మోసేది కాయిల్ కరెంటే, అది పావు ఆంపియరు కూడా ఉండదు. పెద్ద కరెంటంతా బ్యాటరీ నుంచి నేరుగా హారన్లకు పోతుంది.

నేను అడిగి పెట్టించుకున్నది ఒకటుంది. పాత హారన్ తీసేయనివ్వలేదు. బటన్ నుంచి వచ్చే వైరు మధ్యలో హ్యాండిల్ దగ్గర చిన్న టోగుల్ స్విచ్ వేయించాను. ఒక వైపు తిప్పితే పాత "పీప్", రెండో వైపు తిప్పితే విండ్‌టోన్. బాబాయ్‌కి ఇది చాదస్తంగా తోచింది గానీ చేసిపెట్టాడు. ఎక్కడా కంపెనీ వైరు కోయలేదు, చెక్కి చుట్టి టేపు వేయలేదు. అన్నీ లగ్గులతోనే (వైరు చివర బిగించి తగిలించే రేకు ముక్కలు). రేపు బండి అమ్మాల్సి వస్తే అన్నీ ఊడదీసి పాతవి తగిలించుకోవచ్చు.

టైము మాత్రం బాగా పట్టింది. మధ్యలో ఒక ట్రాక్టర్ వస్తే నా బండి వదిలేసి అటు వెళ్లిపోయాడు. బిల్లు ఇవ్వడు, గ్యారంటీ అడిగితే "నేనిక్కడే ఉంటా" అంటాడు. సోమవారం పని హడావిడిలో ఉన్నవాళ్లు ఇలాంటి చోటికి వెళ్లకపోవడమే మంచిది.

ఎక్కడ బిగించాలన్నది ఇంకో తలనొప్పి. ఏ కంపెనీదైనా విండ్‌టోన్ బైకుకి పెద్దదే, కార్ల కోసం పుట్టిన వస్తువు మరి. ముందు ఫోర్క్ మధ్య పెడితే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు తగులుతోంది. చివరికి లెగ్ గార్డుకి చెరో పక్కన ఒకటి పెట్టాం. మూడు సంగతులు చూసుకోవాలి. నోరు సూటిగా కిందికో, ముందుకి వాలి కిందికో ఉండాలి. పైకి ఉంటే వాన నీళ్లు గొట్టంలో నిలిచి గొంతు గరగరలాడుతుంది. పెట్టెలో ఇచ్చిన పట్టీల బ్రాకెట్‌నే వాడాలి. అది కాస్త ఊగేలా ఉండటం దాని లోపం కాదు, హారన్ కదలడానికి ఆ ఊపు కావాలి. బలంగా ఉండాలని దళసరి ఇనప పట్టీతో బిగిస్తే మూగగా మోగుతుంది. హారన్ ఒళ్లు ఇంకే ఇనుముకీ తగలకూడదు కూడా. వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి ముందే చెప్పండి, ప్రెషర్ గన్ సూటిగా హారన్ నోట్లోకి కొట్టొద్దని. వాళ్లకు బురద కనిపిస్తే చాలు, ఏ కన్నమైనా ఒకటే.

రోడ్డు మీద ఎలా ఉందంటే, లారీల దగ్గర డబ్బులు వచ్చేసినట్టే. ఒక్కసారి నొక్కితే డ్రైవరు తల అద్దం వైపు తిరుగుతుంది, క్లీనరు చెయ్యి బయటికొస్తుంది. బస్సులూ అంతే, ఏసీ బస్సుల దగ్గర ఇంకొంచెం ముందుగా నొక్కాలి. ఆటోలు మాత్రం ఏ హారన్‌కీ జడవవు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల సీజన్‌లో దీని మీద ఆశలు పెట్టుకోకండి. మడ్‌గార్డుల మీద రెండు పక్కలా బాక్సులు పెట్టి పాటలు మోగిస్తుంటాడు, వెనక ట్రక్కు నిండా చెరకు. వాడి వెనక రైలు కూసినా వినపడదు. అక్కడ లైటు కొట్టడమే, లేదా ఓపిక పట్టడమే. గేదెల సంగతి మొదటే చెప్పాను. విండ్‌టోన్ విన్నాక అవి మరింత నింపాదిగా నడుస్తున్నాయనే నా అనుమానం.

దీని చెడ్డతనం కనిపించేది ఊళ్లోనే. గవర్నర్‌పేట సందుల్లో ఒకసారి స్విచ్ మార్చకుండా నొక్కితే ముందు సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన ఉలిక్కిపడి కాలు కింద పెట్టేశాడు. ఆయనకు వెనక ఉన్నది నూట యాభై సీసీ బైకో, టిప్పరో తెలిసే దారి లేదు. అందుకే బెంజ్ సర్కిల్ దాటి ఊళ్లోకి వస్తుంటే బొటనవేలు దానంతట అదే టోగుల్ మీదికి పోయేలా అలవాటు చేసుకున్నాను. స్విచ్ ఖర్చు మిగుల్చుకుందామని పాత హారన్ పీకి అవతల పారేస్తే, ఇరవై నాలుగ్గంటలూ టిప్పర్ గొంతుతోనే తిరగాలి.

చట్టం సంగతీ అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 119వ నిబంధన ప్రకారం ఒకదాని తర్వాత ఒకటిగా రకరకాల స్వరాలు మోగే మల్టీటోన్ హారన్ పెట్టకూడదు. కఠినంగా, కీచుగా, మరీ పెద్దగా, బెదరగొట్టేలా మోగేదీ కూడదు. విండ్‌టోన్ జతలో రెండు స్వరాలూ ఒకేసారి మోగుతాయి, వరసగా కాదు. చాలా కార్లకు ఇలాంటి జతే కంపెనీ నుంచి వస్తుంది. కానీ "మరీ పెద్దగా" అన్న మాట దగ్గర రోడ్డు మీద ఆపిన పోలీసాయనతో వాదించి గెలిచే ధైర్యం నాకు లేదు. ట్యాంకీ, కంప్రెసరు ఉండే ప్రెషర్ హారన్ల జోలికి మాత్రం అసలు వెళ్లకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనవసరంగా, ఆపకుండా, హారన్ నిషేధం ఉన్నచోట మోగిస్తే 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, తర్వాత 2,000. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలం కనీసం 100 మీటర్లు. సూర్యారావుపేటలో అడుగుకో ఆసుపత్రి, నా రోజులో సగం అక్కడే. ఆ స్విచ్ నాకు చాదస్తం ఎందుకు కాదో ఇప్పటికి అర్థమై ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇళ్ల మధ్య అత్యవసరమైతే తప్ప హారనే కొట్టకూడదని కూడా నిబంధన ఉంది. మా వీధిలో అది ఉన్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

బ్యాటరీ గురించి ఒక మాట. నా పల్సర్‌ది 12 వోల్టులు, 9 ఆంపియర్ అవర్లు. ఇంజిన్ నడుస్తుండగా చిన్నగా నొక్కి వదిలితే ఏ ఇబ్బందీ లేదు. రాత్రి నొక్కినప్పుడు హెడ్‌లైటు ఒక్క రెప్పపాటు మసకబారుతుంది, అంతే. ఇంజిన్ ఆపి మిత్రులకు మోగించి చూపించడం మానేయాలి. ఇంతకంటే చాలా చిన్న బ్యాటరీ ఉన్న 100 సీసీ బళ్లవాళ్లయితే జత పెట్టొద్దు, మంద్రంగా మోగే ఒక్కటి చాలు. పనిచేసేదీ అదే ఎక్కువ. దానికీ రిలే తప్పదు. వారంటీలో ఉన్న కొత్త బండయితే సర్వీస్ సెంటర్‌లో ముందు అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే వైరింగు ముట్టుకోనివ్వండి.

హారన్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, సైజు కోసం అర తగ్గించాను. బిగింపుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ మధ్యలో వచ్చిన ట్రాక్టర్‌కి. సీటు కింద ఒక 15 ఆంపియర్ల ఫ్యూజ్ అదనంగా పెట్టుకోండి, వర్షాకాలం ముందు బ్రాకెట్ నట్లు ఓసారి బిగించుకోండి.