నోమాడ్‌ల్యాండ్: అమ్మకు చెబుతూ రెండోసారి చూశాక

ముందుగా నోమాడ్‌ల్యాండ్ సినిమాలోని ఒక చిన్న సీన్ గురించి చెప్పాలి. ఫెర్న్ అనే ఆవిడ వ్యాన్‌లోనే కాపురం ఉంటుంది. ఆమె దగ్గర ఆకుల బొమ్మలున్న పింగాణీ ప్లేట్లు కొన్ని ఉన్నాయి. వాళ్ల నాన్న పాత సామాన్లు అమ్మేచోట ఒక్కొక్కటీ వెతికి కొని, ఆమె హైస్కూలు చదువు పూర్తయినప్పుడు ఇచ్చాడు. డేవ్ అనే స్నేహితుడు సాయం చేద్దామని అట్టపెట్టె ఎత్తుతాడు. పెట్టె అడుగు ఊడి ప్లేట్లు కిందపడి పగిలిపోతాయి. అతను తప్పయిందని ఎంత చెప్పినా ఆమె వినదు, వెళ్లిపొమ్మంటుంది. తరవాత ముక్కలు ఏరుకుని, గమ్ పెట్టి ఓపిగ్గా అతికించుకుంటుంది.

అక్కడ అమ్మ ఆపమంది. "ఎవరిచ్చిన్రు ఆమెకు గవి?" అని అడిగింది.

"వాళ్ల నాయిన" అన్నాను.

"మరి అతికిచ్చుకోదా!" అని, ఆ సీన్ మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

అమ్మకు ఇంగ్లిష్ రాదు. మొదటిసారి నేను ఒక్కదాన్నే సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. బాగుందనుకున్నాను కానీ ఆ ప్లేట్ల దగ్గర అంతగా ఆగలేదు. పోయిన శనివారం రాత్రి అమ్మ పక్కన కూర్చుని, ఒక్కో మాటా తెలుగులో చెబుతూ రెండోసారి చూశాను. ఈ రివ్యూ ఆ రెండోసారి గురించే.

మా నాన్న పనిచేసిన మిల్లు మూతపడేనాటికి నేను డిగ్రీలో ఉన్నాను. క్వార్టర్ ఖాళీ చేసిన రోజు అమ్మ డీసీఎంలోకి అన్నిటికంటే ముందు ఎక్కించింది తన గిన్నెల మూట. మంచాలు, బీరువా తరవాతే. ఒక్కో స్టీలు గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా వేయించిన పేరు ఉంటుంది కదా, ఆ గిన్నెలు. పెళ్లికి మేనమామ పెట్టిన బిందె, నేను పుట్టినప్పుడు అమ్మమ్మ తెచ్చిన గ్లాసు, పక్క క్వార్టర్ వాళ్లు ఊరు విడిచి పోతూ ఇచ్చిపోయిన టిఫిన్ డబ్బా. ఇప్పుడవి హైదరాబాద్‌లో మా ఫ్లాట్ అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. ఎవరం వాడం. కానీ ఏటా దీపావళి ముందు అమ్మ వాటిని దింపించి, తోమించి, ఎండలో ఆరబెట్టించి మళ్లీ పైన పెట్టిస్తుంది. ఒకటి తగ్గినా ఆమెకు తెలిసిపోతుంది.

ఇక సినిమా విషయానికి వస్తాను. 2020లో వచ్చిన అమెరికన్ సినిమా ఇది. దర్శకురాలు క్లోయీ జావ్ చైనాలో పుట్టి అమెరికాలో సినిమాలు తీస్తున్న మనిషి. జెస్సికా బ్రూడర్ అనే జర్నలిస్టు 2017లో తెచ్చిన పుస్తకం దీనికి ఆధారం. వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ అవార్డు, ఆ తరవాత 2021 ఏప్రిల్‌లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి ఆస్కార్లు వచ్చాయి. ఫెర్న్‌గా చేసిన ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ నిర్మాతల్లో కూడా ఒకరు.

కథ చెప్పడానికి పెద్దగా లేదు. నెవాడా రాష్ట్రంలో ఎంపైర్ అని ఒక చిన్న ఊరు. గోడలకు వాడే జిప్సం బోర్డు తయారుచేసే కంపెనీ కట్టిన ఊరది. ఇళ్లు కంపెనీవే. 88 ఏళ్లు నడిచిన ఆ ప్లాంటును 2011 జనవరి 31న మూసేశారు. జూలైకల్లా ఆ ఊరి పిన్‌కోడ్, 89405, కూడా రద్దయిపోయింది. ఇది కల్పన కాదు, ఎంపైర్ నిజంగా ఉన్న ఊరే. సినిమా మొదట్లో తెర మీద అక్షరాల్లో చెబుతారు.

నేను చదివి చెప్పగానే అమ్మ నా వైపు తిరిగింది. "పిన్‌కోడ్ గూడ తీసేసిన్రా?" అంది. మిల్లు మూతపడ్డాక చాలాకాలం మా పాత అడ్రసుకు చుట్టాల శుభలేఖలు వెళ్తూనే ఉండేవి. పోస్ట్‌మాన్ తెలిసినవాడు కాబట్టి వాటిని కట్టకట్టి పంపించేవాడు. ఫెర్న్‌కు ఆ అడ్రసే లేకుండా పోయింది.

భర్త చనిపోయినా ఆమె ఆ ఊరు వదల్లేదు. ఊరే పోయాక సామానంతా ఒక స్టోరేజీ గదిలో పెట్టి వ్యాన్‌లో బయల్దేరుతుంది. క్రిస్మస్ రద్దీకి అమెజాన్ గోడౌన్‌లో ప్యాకింగ్, సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ పార్కులో టూరిస్టుల క్యాంపులో పని, హోటల్ వంటగదిలో పని, నెబ్రాస్కాలో చక్కెరదుంపల కోత. సీజన్ ఎక్కడుంటే అక్కడికి. మన దగ్గర పాలమూరు కూలీల వలసలు చూసినవాళ్లకు ఈ తిరుగుడు కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ తిరుగుతున్నవాళ్లు అరవై దాటినవాళ్లు, మనవల్ని ఆడించుకోవాల్సిన వయసువాళ్లు.

ఒక షాపులో ఫెర్న్ ఒకప్పుడు చదువు చెప్పిన అమ్మాయి కనిపిస్తుంది. "మీకు ఇల్లు లేదట, నిజమేనా" అని అడుగుతుంది. దానికి ఫెర్న్ ఇచ్చే జవాబు ఈ సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే మాట. ఇంగ్లిష్‌లో హోమ్ వేరు, హౌస్ వేరు. తన దగ్గర లేనిది రెండోదే అంటుందామె. తెలుగులో నాకు రెండిటికీ ఇల్లు అనే మాటే తోచింది. "ఇల్లు లేదు, కానీ ఇల్లు లేనట్టు కాదు" అని ఏదో తంటాలు పడ్డాను. అమ్మ కాసేపు ఆలోచించి, "గోడలు లేవు గానీ సంసారం ఉన్నది అంటున్నదా?" అంది. ఇంతకంటే మంచి సబ్‌టైటిల్ ఎవరూ రాయలేరు.

నిజంగానే ఆ వ్యాన్‌లో సంసారం ఉంది. భర్త చేపల వేటకు పట్టుకెళ్లే పెట్టెను ఆమె వంట సామాన్ల అరగా మార్చుకుంది. మూత తెరిస్తే వంటగట్టు అవుతుంది. కాలకృత్యాలకు ఒక బకెట్. చలికి దుప్పట్ల మీద దుప్పట్లు. కెమెరా వీటిని జాలిగా చూపించదు. కొత్త ఇల్లు చూడటానికి వచ్చిన చుట్టానికి చూపించినట్టు, ఆమే మురిపెంగా ఒక్కోటీ చూపిస్తుంది. ఇల్లు లేనివాళ్ల మీద వచ్చే సినిమాల్లో నాకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉండేది ఆ జాలే. మనల్ని ఏడిపించడానికి వాళ్లను నేలమీద కూలదోస్తారు. ఇక్కడ ఆ పని చేయలేదు. అందుకే నేను ఈ సినిమాను గౌరవిస్తాను.

ఇందులో కనిపించే చాలామంది నటులు కారు. నిజంగా అలా వ్యాన్లలో బతికినవాళ్లే తమ పేర్లతోనే కనిపిస్తారు. లిండా మే అనే ఆవిడ పన్నెండో ఏట నుంచి పనిచేసి, ఇద్దరు కూతుళ్లను పెంచి, చివరికి తనకొచ్చే పింఛను ఎంతా అని చూసుకుంటే ఐదు వందల యాభై డాలర్లని చెబుతుంది. గొంతు ఎక్కడా పెంచదు. బాబ్ వెల్స్ అనే పెద్దాయన అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో ఇలాంటివాళ్లందరినీ కలిపే మనిషి. కొడుకు ఆత్మహత్య గురించి ఆయన చెప్పేటప్పుడు మాటలు కూడబలుక్కోవడం చూడండి. నటిస్తే అలా రాదు. ఈ దారిలో చివరి వీడ్కోలు ఉండదు, ముందెక్కడో మళ్లీ కలుస్తాం అంటాడు. మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్తున్నా అనకుండా "వెళ్లొస్తా" అంటాం కదా, అమ్మకు అలాగే చెప్పాను.

నాకు అందరికంటే స్వాంకీ అనే ఆవిడ ఇష్టం. ఫెర్న్ టైరు పంక్చరై సాయం కోసం తలుపు తడితే, ముందు గట్టిగా మందలిస్తుంది. ఎడారిలో స్టెపినీ టైరు లేకుండా తిరుగుతావా, ప్రాణం పోతుంది అని. మందలించి, తరవాత సాయం చేస్తుంది. నాలుగు రోజుల్లో ఇద్దరూ కలిసిపోతారు. సినిమాలో ఆమెకు క్యాన్సర్, ఇంకొన్ని నెలలే. ఆసుపత్రిలో పడి ఉండనని, ఎప్పుడో చూసిన కొండగోడకు అల్లుకున్న వందల స్వాలో పిట్టల గూళ్ల గురించి, నీళ్లలో తేలిపోయే గుడ్ల పెంకుల గురించి చెబుతుంది. ఫెర్న్ ఏమీ అనదు, వింటుంది. అంత పేరున్న నటి ఆ సీన్‌లో చేసిందల్లా ఎదుటి మనిషి చెప్పేది శ్రద్ధగా వినడమే. స్వాంకీ పోయాక స్నేహితులు మంట చుట్టూ నిలబడి ఒక్కొక్కరూ ఒక రాయి అందులో వేస్తారు. అమ్మ చేతులు జోడించింది.

నచ్చనిదీ చెబుతాను. గోడౌన్ పని. బ్రూడర్ తన పుస్తకంలో ఆ పనిలో పెద్ద వయసువాళ్ల ఒళ్లు ఎలా హూనమవుతుందో వివరంగా రాసింది. సినిమాలో మాత్రం అంతా శుభ్రంగా, నవ్వుతూ పలకరించుకుంటూ ఉంటారు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి నడుం పట్టుకుని మంచం అంచున కూర్చోవడం నేను చిన్నప్పుడు రోజూ చూశాను. నాన్న వీపుకు అమ్మ రాసే నొప్పుల నూనె వాసన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. ఫెర్న్ ఎక్కడెక్కడ పనిచేసినా ఆ వాసన నాకు రాలేదు. ఆ కష్టం వెనకున్న లెక్కలు అడగకుండా సినిమా సాయంత్రపు ఆకాశం వైపు తిరిగిపోతుంది. ఆకాశం అందంగా ఉంది, లుడోవికో ఐనౌది అనే సంగీతకారుడి పియానో ఇంకా అందంగా ఉంది, కానీ కొన్నిచోట్ల ఆ అందం నాకు అడ్డంగా అనిపించింది.

వ్యాన్ పాడైతే రిపేరుకు డబ్బు కోసం ఆమె తోడబుట్టిన డాలీ ఇంటికి వెళుతుంది. ఇక్కడే ఉండిపో అంటుంది డాలీ. ఉండదు. తరవాత డేవ్ కొడుకు ఇంటికి చేరి, మనవడిని ఎత్తుకుని స్థిరపడతాడు. తనతో ఉండమని ఫెర్న్‌ను అడుగుతాడు. డేవ్‌గా చేసిన డేవిడ్ స్ట్రాతైర్న్‌కు సినిమాలో కొడుకుగా వేసింది సొంత కొడుకే. ఇద్దరూ పియానో దగ్గర పక్కపక్కన కూర్చుని వాయిస్తుంటే అది తెలిసిపోతుంది. మంచి ఇల్లు, మెత్తని పరుపు, ప్రేమగా చూసే మనుషులు. రాత్రి ఆమెకు ఆ మంచం మీద నిద్ర పట్టదు. లేచి వెళ్లి వ్యాన్‌లో పడుకుంటుంది. తెల్లవారాక ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది.

"తోడబుట్టింది అడిగింది, గీయన అడిగిండు. ఉండచ్చు గదా" అని అప్పటిదాకా విసుక్కుంటున్న అమ్మ ఆ మంచం సీన్ దగ్గర మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాన్న పోయాక మా ఫ్లాట్‌కు వచ్చిన కొత్తలో అమ్మకు ఒక గది ఇచ్చాం. మంచం, ఫ్యాన్, పక్కనే బాత్రూమ్. మూడు నెలలు ఆమె హాల్లో గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకుంది. బట్టల సంచి కూడా విప్పలేదు. నేను చాలాసార్లు కోప్పడ్డాను. మేం సరిగ్గా చూసుకోవట్లేదని అనుకుంటోందని బాధపడ్డాను, ఒకసారి ఏడ్చాను కూడా. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి టీవీ ముందు నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను, అంతే.

చూడాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. నిడివి రెండు గంటల లోపే, కానీ నెమ్మదిగా నడుస్తుంది. విలన్ లేడు, గొడవల్లేవు, ట్విస్టులూ లేవు. ఫోన్ చూసుకుంటూ చూస్తే ఏమీ మిగలదు. ఆమె ఏటిలో బట్టల్లేకుండా తేలే షాట్ ఒకటి, బకెట్ సీన్ ఒకటి ఉన్నాయి. పిల్లలతో కూర్చునేటప్పుడు తెలిసి ఉంటే మంచిది. ఇంట్లో ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని చెప్పండి. మాటలు తక్కువే కాబట్టి కష్టం కాదు. నేనిచ్చేది ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు గోడౌన్ దగ్గర తగ్గించాను.

చివర్లో ఫెర్న్ ఎంపైర్‌కు తిరిగి వస్తుంది. స్టోరేజీ గదిలోని సామానంతా ఇచ్చేసి, దుమ్ము పట్టిన ప్లాంటులో తిరిగి, తన పాత ఇంట్లోకి వెళ్తుంది. ఖాళీ గదులు దాటి వెనక తలుపు తీస్తే ముందు ఎడారి, దూరంగా కొండలు. మధ్యలో ఏ అడ్డూ లేదు. భర్తతో ఉన్నన్నాళ్లూ రోజూ చూసింది అదే.

సినిమా అయిపోయాక లైటు వేశాను. అమ్మ లేవలేదు. "మన క్వార్టర్ల వెనక తలుపు తీస్తే ఏముండె?" అని అడిగింది.

"కానుగ చెట్టు" అన్నాను.

"కానుగ పక్కింటోళ్లది. నీకు యాదికి లేదు. మనది నిమ్మచెట్టు, నేనే పెట్టిన. ఎవలు నీళ్లు పోస్తున్నరో దానికి."