ఆరు వసంతాలుగా వాడుతున్న నీటి థర్మామీటర్

ఇది కొని ఆరేళ్లయింది. లోహపు తొడుగులో గాజు గొట్టం, లోపల ఎర్రటి ద్రవం, పైన దారం కట్టుకోవడానికి ఒక రింగు. బ్యాటరీ లేదు.

గాలంతో పట్టే మంచినీటి బాస్ చేపలు ఒడ్డుకు ఎప్పుడొస్తాయో అంతకుముందు క్యాలెండర్ చూసి అంచనా వేసేవాణ్ని. చలి ఆలస్యంగా తగ్గిన ఏడాది ఆ లెక్క తప్పేది. నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి పెద్ద నోరున్న రకం, లార్జ్‌మౌత్ బాస్, లోతు వదిలి మెల్లగా గట్టువైపు జరుగుతుంది. 15 దాటాక మగచేప తక్కువ లోతులో తోకతో నేల ఊడ్చి గూడు చేస్తుంది. చిన్న నోటి రకం, స్మాల్‌మౌత్, ఇంకాస్త ముందే మొదలుపెడుతుంది.

మొదటి ఏడాది పైనీళ్లు మాత్రమే కొలిచి పొరబడ్డాను. మధ్యాహ్నం ఎండకు పైపొర త్వరగా వేడెక్కుతుంది, మీటరు కింద ఇంకా చల్లగానే ఉంటుంది. ఇప్పుడు దారానికి అరమీటరుకో ముడి వేసి, చిన్న బరువు కట్టి దించుతున్నాను. నిమిషం పైనే ఉంచాలి, లాగిన వెంటనే చదవాలి. ఈ విషయంలో వైరున్న డిజిటల్ రకమే నయం.

నాకు మంచి చేపలు పడింది 10 నుంచి 13 మధ్యే. చిన్నచేప ఆకారంలో ఉండే కృత్రిమ ఎర జెర్క్‌బెయిట్‌ను ఒకసారి కుదిపి, పది లెక్కపెట్టేదాకా కదపకూడదు. చల్లటి నీళ్లలో చేప ఎర వెంట పరిగెత్తదు. ఎర ఆగి ఉన్నప్పుడే చేప పట్టి, గాలం దారం బరువెక్కుతుంది.

15 దాటితే గట్టు దగ్గర గాలం వేయను. గుడ్లకీ పిల్లలకీ కాపలా ఉండేది మగచేపే. ఒకసారి దాన్ని పట్టి, కొక్కెం తీసి వెంటనే వదిలేశాను. పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి చూస్తే, అది తిరిగొచ్చేలోపే బ్లూగిల్స్ అనే చిన్న చేపలు గూడు మీద మూగి గుడ్లు తింటున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ బాధపెడుతుంది. కొన్నిచోట్ల ఆ రోజుల్లో వేట నిషేధం ఉంటుంది. లేనిచోట ఈ అంకె చూసి నేనే ఆగిపోతున్నాను.

లోపాలూ ఉన్నాయి. నాలుగో ఏడాదికి తొడుగు మీది అంకెలు చెరిగిపోతే నేనే మళ్లీ గీసుకున్నాను. ఏటా మంచుముక్కలు నిండుగా వేసిన నీళ్లలో ముంచి సున్నా చూపిస్తుందో లేదో చూస్తాను. ఈసారి అర డిగ్రీ ఎక్కువ చూపించింది. అది తీసేసి చదువుకుంటే ఇంకో రెండేళ్లు పనికొస్తుంది. ఆ తర్వాత ఇలాంటిదే కొంటాను, కాకపోతే అంకెలు చెక్కి ఉన్నది.