పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ: ఆసుపత్రిలోనా, ఇంటి దగ్గరా?

విశాఖపట్నం గాజువాకలో ఉండే మనిషికి పక్షవాతం వచ్చి డిశ్చార్జ్ అయితే ఇంట్లోవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే. మహారాణిపేటలోని కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి తిప్పాలా, ఫిజియోథెరపిస్టును ఇంటికే పిలవాలా?

కదలిక ఎక్కువగా తిరిగొచ్చేది మొదటి 3 నెలల్లోనే. ఆ తర్వాతా మెరుగవుతుంది, కానీ నెమ్మదిగా. అందుకే మొదట్లో నా ఓటు ఆసుపత్రికే. సమస్య నడక ఒక్కటే కాదు కదా! మాట పడిపోయినవాళ్లకు స్పీచ్ థెరపీ కావాలి. మింగేటప్పుడు పొలమారుతుంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఇంటికొచ్చే ఒక్కరు ఇవన్నీ చూడలేరు. కాకపోతే ఆటోలో రానూపోనూ రోగి అలిసిపోతాడు, తోడు వెళ్లినవాళ్ల కూలి పోతుంది.

ఇంటి దగ్గరైతే తన మంచం, తన బాత్రూమ్, తన మెట్ల మీదే సాధన. భార్యో కొడుకో పక్కనుండి నేర్చుకుంటారు. ముఖ్యంగా, లేపేటప్పుడు చచ్చుబడిన చెయ్యి పట్టి లాగకూడదు, భుజం జారుతుంది. ఫిజియో రాని రోజుల్లోనూ వాళ్లే చేయించాలి.

దిగులు గురించి మాత్రం రెండు చోట్లా చాలాసార్లు ఎవరూ అడగరు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఊరికే ఏడుస్తున్నా, తిండి మానేసినా డాక్టరుకు చెప్పండి. దానికి మందులున్నాయి.