ఆరేళ్ల ఆర్‌సింక్, క్రాన్: పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి సమీక్ష

పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు. పని తెలుగులోనూ ఒడియాలోనూ. ఫైళ్లున్న ఉబుంటు (లినక్స్) మెషీను ఒడిశాలోని పర్లాకిమిడిలో, రెండో కాపీ సరిహద్దు దాటగానే ఆంధ్రలో వచ్చే పాతపట్నంలో. మధ్యలో మారిన ఫైళ్లని కాపీ చేసే ఆర్‌సింక్, చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్, 40 లైన్ల బాష్ స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల ఫైలు). ఆరేళ్లు వాడాక ఈ మూడింటినీ ధైర్యంగా వాడమనే చెబుతాం. కాకపోతే నెట్‌లో దొరికే రెండు లైన్ల స్క్రిప్టుని అలాగే పెట్టుకోకండి. కరెంటు, లైను ఎప్పుడూ ఉంటాయనుకుని రాసినవి అవి.

300 ఎంబీ ఫ్లెక్సీ ఫైలు వెళ్తుండగా లైను తెగితే, మామూలుగా ఆర్‌సింక్ వెళ్లినంత మేరా పారేసి మళ్లీ మొదలెడుతుంది. 'పార్షియల్' ఆప్షన్ ఇస్తే ఆ సగం నిలుస్తుంది, కానీ అసలు పేరుతోనే నిలుస్తుంది. అంటే అవతల ఉన్న నిన్నటి మంచి కాపీ పోయి దాని చోట సగం ఫైలు ఉంటుంది. 'పార్షియల్ డైర్' వాడండి, సగం ముక్క వేరే ఫోల్డర్లో ఆగుతుంది. దాంతోపాటు టైమ్‌అవుట్ (డేటా కదలకపోతే ఎంతసేపటికి ఆగిపోవాలో) 60 సెకన్లు పెట్టాలి. ఏమీ పెట్టకపోతే అది సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది.

ఒక రన్ మీద ఇంకో రన్ పడకుండా తాళం కావాలి. చాలామంది టచ్ కమాండ్‌తో ఒక లాక్ ఫైలు చేసి, చివర్లో చెరిపేస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు డిస్కు మీద ఉండిపోతుంది, ఆ తర్వాత బ్యాకప్ నడవదు, నడవట్లేదని ఎవరికీ తెలియదు. 'ఫ్లాక్' కమాండ్ వేసే తాళం కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతిలో ఉంటుంది. ప్రాసెస్ చస్తే తాళమూ పోతుంది. టైమ్‌అవుట్ లేకుండా మాత్రం ఫ్లాక్ వాడొద్దు, వేలాడుతున్న రన్ తాళం వదలదు.

రాత్రి 2 గంటలకు క్రాన్ పెట్టి, 9కే మెషీను కట్టేస్తే ఆ రన్ పోయినట్టే, క్రాన్ దాన్ని మళ్లీ పట్టించుకోదు. షాపు తెరిచి ఉండే 9 నుంచి 20 వరకు గంటకోసారి నడపడమే మేలు. క్రాన్‌టాబ్‌లో (క్రాన్ పనుల జాబితా) తేదీ కోసం పర్సెంట్ గుర్తు రాస్తే కమాండ్ అక్కడికే తెగిపోతుంది, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. తేదీ పనంతా స్క్రిప్టులోకి మార్చేస్తే ఇంకా నయం.

మన భాషల పేర్లతో వచ్చే తిప్పలు ఇంగ్లీషు గైడ్లలో కనిపించవు. క్రాన్ కింద లొకేల్ (భాష సెట్టింగు) 'సీ' అయితే లాగ్‌లో తెలుగు పేరు 340, 260 లాంటి అంకెల గొలుసుగా పడుతుంది. 340, 254 కనిపిస్తే అది ఒడియా పేరు. ఫైలుకేం కాలేదు, ఎయిట్ బిట్ అవుట్‌పుట్ ఆప్షన్ ఇస్తే లాగ్ చదవగలం. ఇంకోటి: ఎక్స్‌టీ4లో (లినక్స్ డిస్కు ఫార్మాట్) పేరుకి 255 బైట్లే హద్దు. తెలుగులో అక్షరానికి, గుణింతానికి, పొల్లుకి విడివిడిగా 3 బైట్లు. 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు. వధూవరుల పేర్లు, ఊళ్లు, తేదీ అన్నీ ఫైలు పేరులో పెట్టే అలవాటుంటే ఇలాంటి తెలుగు గుర్తులు 85 దాటగానే 'ఫైల్ నేమ్ టూ లాంగ్' వస్తుంది. పేర్లలో ఖాళీలు తప్పవు గనక స్క్రిప్టులో ప్రతి వేరియబుల్‌కీ డబుల్ కోట్స్ పెట్టండి. స్క్రిప్టులో తప్పులు చూపే షెల్‌చెక్‌కి ఒకసారి చూపిస్తే వదిలేసినవి పట్టిస్తుంది.

ఇక్కడ లేనివాటిని అవతలా చెరిపే 'డిలీట్' ఆప్షన్‌తో జాగ్రత్త. సోర్స్ డిస్కు మౌంట్ కాని (సిస్టమ్‌కి తగులుకోని) రోజు ఆర్‌సింక్‌కి కనిపించేది ఖాళీ ఫోల్డర్. అవతలి కాపీని కూడా ఖాళీ చేసేస్తుంది. ముందు 'మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ'తో చూసి, లేకపోతే ఆగిపోయేలా రాయండి. మ్యాక్స్ డిలీట్ 50 కూడా పెట్టండి, ఒక రన్‌లో అంతకు మించి చెరపదు. చెరిగినవి, మారినవి తేదీ పేరున్న బ్యాకప్ డైర్‌లోకి పోవాలి, ఎందుకంటే పాడైన ఫైలుని కూడా ఆర్‌సింక్ శ్రద్ధగానే కాపీ చేస్తుంది.

తప్పు రాగానే స్క్రిప్టుని ఆపేసే 'సెట్ మైనస్ ఈ' మంచి అలవాటే. కానీ కాపీ జరుగుతుండగా కోరల్‌డ్రా టెంపరరీ ఫైలు మాయమైతే ఆర్‌సింక్ 24 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది, స్క్రిప్టు అక్కడే ఆగిపోయి లాగ్ కూడా రాయదు. 24ని విడిగా పట్టుకుని వదిలేయండి. 23 (కొన్ని ఫైళ్లు వెళ్లలేదు) వస్తే, 30 (టైమ్‌అవుట్) వస్తే వదలకండి.

ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌కి ఇదే స్క్రిప్టు పనికొస్తుంది. దాని టైము 2 సెకన్ల మెట్లలో ఉంటుంది కాబట్టి మాడిఫై విండో 1 (ఒక సెకను తేడాని పట్టించుకోవద్దని) ఇవ్వాలి, లేకపోతే మారని ఫైళ్లనీ మళ్లీ మళ్లీ రాస్తుంది. 4 జీబీ దాటిన ఫైలు మాత్రం అందులో పట్టదు.