పాయకాపురం ఫ్లాటుకి ఇంటి తనిఖీ చేయించాం: నా మార్కులు ఇవీ

ఐదుకి మూడున్నర. అందులో మూడు మా ఫ్లాటు చూడటానికి వచ్చిన కుర్ర ఇంజనీరుకి, అర మార్కు అతన్ని పంపిన కంపెనీకి.

మేం చూసింది పన్నెండేళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ఫ్లోర్, డబుల్ బెడ్‌రూమ్. ఓనరు 42 లక్షలు చెప్పారు. 2024 సెప్టెంబరులో కవులూరు దగ్గర బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక అంతా నీళ్లలో ఉన్న సంగతి బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఈ వైపు అమ్మకానికి వచ్చిన ప్రతి ఇంటికీ కొత్త రంగే. ఓనరు మాటా ఒకటే: "మా ఫ్లాట్‌లోకి చుక్క రాలేదమ్మా, కింద పార్కింగ్‌లోనే." అది నిజమే. కానీ ఆ ఫ్లాటు నిలబడింది పార్కింగ్‌లోని పిల్లర్ల మీదే కదా!

మా బాబాయ్ ఒప్పుకోలేదు. "మన మేస్త్రీ ఉండగా డబ్బులిచ్చి ఎవరినో పిలవడమేంటే?" అన్నాడు. ఆ మేస్త్రీ వచ్చి గోడ మీద రెండు దెబ్బలు చరిచి "గట్టి ఇల్లు తల్లీ, బాత్‌రూమ్‌లు మాత్రం కొత్తగా చేయించుకోండి, నేను చూసుకుంటా" అన్నాడు. పని దొరుకుతుందనుకున్న మనిషి ఇంటిని కొనొద్దని ఎందుకంటాడు? అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ సర్వీస్‌ని పిలిచాం. ఫీజు 8,000, పైన పద్దెనిమిది శాతం జీఎస్టీ. వాస్తు సిద్ధాంతిగారి దక్షిణకి ఇంట్లో ఎవరూ బేరం ఆడలేదు గానీ, ఈ ఫీజు మీద మాత్రం వారం రోజులు చర్చ నడిచింది.

కంపెనీ మీద మొదటి ఫిర్యాదు టైమింగ్. ఉదయం రమ్మంటే మధ్యాహ్నం మూడింటికి ఇచ్చారు. చెమ్మ ఉన్నచోట గోడ చల్లగా ఉంటుంది కాబట్టి థర్మల్ కెమెరాలో తేడా కనబడుతుంది. మే నెల ఎండకి కాలిపోయిన పడమటి గోడ మీద ఆ కెమెరా పెడితే తెర నిండా ఒకటే ఎరుపు. "ఈ టైంలో ఈ గోడకి ఇది పనికిరాదు మేడమ్" అని ఆ అబ్బాయే కెమెరా సంచిలో పెట్టేసి, రెండు సూదులున్న చెమ్మ మీటరు తీశాడు. ఆ గోడకి ఇబ్బందేం లేదు. వాళ్ల ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది మాత్రం ఆ థర్మల్ కెమెరానే.

అసలు పని ఖరీదైన పరికరాలతో జరగలేదు. కామన్ బాత్‌రూమ్‌లో తెల్లగా నిగనిగలాడే ఫాల్ సీలింగ్ ఉంది. స్నానాల గదికి ఇంత అలంకారం ఎందుకు పెట్టారని నాకూ అనుమానంగానే ఉంది. అతను మెయిన్ ఆపి, స్టూలెక్కి, గుండ్రటి ఎల్‌ఈడీ లైటుని స్ప్రింగులతో సహా మెల్లగా కిందికి లాగాడు. ఆ కన్నంలోంచి ఫోను పైకి దూర్చి టార్చ్ వేసి వీడియో తీసి నాకు చూపించాడు. పై ఫ్లాటు బాత్‌రూమ్ పైపు దిగే చోట శ్లాబు నిండా తెల్లగా ఉప్పు పేరుకుంది. అరచేతి వెడల్పున పెచ్చు ఊడి, తుప్పుపట్టిన ఊచ ఒకటి కనబడుతోంది. ఓనరు మొహం చూడాలి అప్పుడు. "పైవాళ్లు చేయిస్తామన్నారమ్మా" అన్నారు. ఆ మాట అన్నది ఎప్పుడని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తర్వాత కరెంటు. మూడు లైట్ల చిన్న టెస్టర్ ఒకటి ప్రతి ప్లగ్గులో పెట్టి చూశాడు. మాస్టర్ బెడ్‌రూమ్ ఏసీ ప్లగ్గుకీ, వంటింట్లో గ్రైండర్ ప్లగ్గుకీ ఎర్తింగ్ లేదు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసి షాక్ నుంచి కాపాడాల్సిన స్విచ్ (ఆర్‌సీసీబీ) టెస్ట్ బటన్ నొక్కితే కదల్లేదు. తడి చేత్తో గ్రైండర్ పట్టుకునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఖర్చు మాత్రం నాలుగైదు వేలకి మించదన్నాడు.

పార్కింగ్ ప్యాకేజీలో లేదు. "ఫ్లాటు లోపలే మేడమ్" అని ఆఫీసువాళ్లు ఫోన్లో ముందే చెప్పారు. అపార్ట్‌మెంట్ కొనేవాళ్లకి ఇదేం ప్యాకేజీయో! నేను బతిమాలితే ఆ అబ్బాయి తనంతట తను కిందికి వచ్చాడు. పిల్లర్లన్నిటికీ నడుమెత్తు వరకు కొత్త ప్లాస్టరింగ్, రంగు. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్తే లిఫ్ట్ పక్కనున్న రెండు పిల్లర్లు డొల్లగా మోగాయి. ఒకదానికి కొత్త రంగు మీదే నిలువుగా సన్నటి పగులు. లోపల ఊచకి తుప్పు పడితే ఉబ్బుతుందట, ఉబ్బి పైనున్న కాంక్రీటుని బయటికి నెట్టేస్తుందట, అందుకే ఊచ వెంబడే నిలువుగా పగులుతుందట. నేను వరద వల్లే అనుకున్నాను. కాదన్నాడు. "కొన్ని రోజులు నీళ్లు నిలిస్తే పిల్లరు ఇలా కాదు మేడమ్. ఇది ఏళ్ల తరబడి చెమ్మ. పక్కన డ్రైనేజీ ఛాంబర్ చూడండి, అది ఎప్పటినుంచో కారుతోంది. వరద తర్వాత వేసిన ప్లాస్టరింగ్ దాన్ని కప్పేసింది, అంతే." వరద పేరు చెప్పి నన్ను భయపెట్టి పంపేయడం అతనికి తేలిక. అలా చేయలేదు కాబట్టే మూడు మార్కులూ అతనికి.

ఈలోపు అసోసియేషన్ ప్రెసిడెంటుగారు దిగొచ్చి "ఏంటండీ ఈ కొట్టుడు, అపార్ట్‌మెంట్ పేరు పాడుచేస్తారా" అని గొడవ. ఆ పిల్లర్ల మీదే ఆయన ఇల్లు కూడా ఉందని గుర్తుచేశాక కాస్త తగ్గారు.

రిపోర్టు చెప్పిన రోజుకి రాలేదు. వచ్చాక చూస్తే అరవై పేజీలు, మొత్తం ఇంగ్లీషు. స్విచ్ బోర్డుల ఫొటోలే సగం. పిల్లర్ల సంగతి ఎక్కడో చివర్న రెండు లైన్లు, అదీ "మా పరిధిలోది కాదు" అనే షరతుతో. రిపేరుకి ఎంతవుతుందో ఒక్క అంకె లేదు. బేరానికి కూర్చునేవాడికి కావలసింది ఆ అంకెలే. పనికొచ్చిన పేజీ ఒకటుంది: లేజర్ కొలతలు. ఓనరు 1,050 ఎస్‌ఎఫ్‌టీ అన్న ఫ్లాటుకి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే జాగా, 764. మిగతాది బాల్కనీ, బయటి గోడలు, మెట్లు, లిఫ్ట్ వాటా. మోసమేం కాదు, ఇక్కడ అందరూ అలాగే చెబుతారు. కానీ రెండు ఫ్లాట్లు పోల్చాలంటే చూడాల్సింది ఆ 764నే. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), ప్లాను అప్రూవల్, పన్ను బకాయిల జోలికి వీళ్లు రారు, వాటికి లాయరు వేరే.

కొత్త ఫ్లాటైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలని బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. పన్నెండేళ్ల పాత ఫ్లాటులో మనకి దిక్కు బేరమే. ఆ సీలింగ్ వీడియో ఓనరుగారి ముందు పెట్టి మా బాబాయే మాట్లాడాడు. లక్షన్నర తగ్గింది. పిల్లర్లు చెక్కించి రిపేరు చేయించడానికి, ఛాంబర్ కొత్తది కట్టించడానికి ఓనరు వాటా ఆయనే కట్టేలా అగ్రిమెంట్‌లో రాయించాం. పైవాళ్ల పైపు మార్చాకే రిజిస్ట్రేషన్.

ఆ పనులయ్యాక ఇంకోసారి వచ్చి చూడాలంటే సగం ఫీజట. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పంపుతామంటున్నారు. ఆ అబ్బాయినే పంపుతామని ఒప్పుకుంటేనే కడతానని చెప్పాను, ఇంకా జవాబు రాలేదు.