గోడ సౌండరు: డబ్బా మీద 100 డెసిబెల్, తలగడ దగ్గర ఎంత?

హైదరాబాద్ నిజాంపేటలో మేముండే అపార్టుమెంటు స్టిల్టు (కింది పార్కింగ్ అంతస్తు) మీద తొమ్మిది అంతస్తుల భవనం. ఎత్తు 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్వోసీ తప్పనిసరి కనుక కట్టినప్పుడే ఫైర్ అలారం పెట్టారు గాని, కారిడార్లలోని హూటర్లలో కొన్ని కాలక్రమంలో మూగబోయాయి, మరికొన్ని బొంగురుపోయాయి. వాటిని తీసేసి కొత్తవి పెట్టాలని అసోసియేషన్ నిర్ణయించిన తరువాత, ఎలక్ట్రికల్ పనులు చూసుకునే సభ్యుడిగా వాటి ఎంపిక, బిగింపు, సెట్టింగు దగ్గరుండి చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మేము తీసుకున్నవి గోడకు బిగించే 24 వోల్టుల డీసీ సౌండర్లు (హూటర్ల లాంటి అలారం మోత పరికరాలే), ఫైర్ అలారం సౌండర్లకు ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 54-3కి ధ్రువీకరణ పొందినవి. ఇదే అమరికతో చాలా కంపెనీల సరుకు వేర్వేరు పేర్లతో దొరుకుతుంది కాబట్టి కింద రాసిన మాటలు దాదాపు అన్నింటికీ వర్తిస్తాయి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఫైర్ సామాను అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. అక్కడ హూటర్ కావాలని అడిగితే ముందుగా కౌంటరు మీదికి వచ్చేది చౌక రకం. దానికి ఒకటే మోత, శబ్దం తగ్గించే వీలు ఉండదు, వెనకనుంచి రెండు తీగలు వేలాడుతుంటాయి. మేము తీసుకున్నదాని ధర దానికి దాదాపు మూడు రెట్లు. ఈ తేడా దేనికని అడిగితే దుకాణదారు డబ్బా మీది అంకె చూపించాడు: ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్. చౌక రకం డబ్బా మీద కూడా ఇంచుమించు అదే అంకె ఉంది. మనం ఎక్కువ ఇచ్చే డబ్బు శబ్దానికి కాదు, వెనకనున్న బేస్‌కూ లోపలి చిన్న స్విచ్‌లకూ.

బేస్ విడిగా వస్తుంది. దాన్ని గోడకు బిగించి, తీగలు టెర్మినళ్లకు కలిపి, చివరగా సౌండరును దాని మీద పెట్టి తిప్పితే లాక్ పడుతుంది. దీనివల్ల ప్లాస్టరింగు, రంగులు, వైరింగు పరీక్ష అన్నీ పూర్తయ్యేదాకా సౌండర్లను డబ్బాల్లోనే భద్రంగా ఉంచవచ్చు. ముఖ్యంగా కేబుల్ ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పరీక్షించేటప్పుడు సౌండరు లైన్లో ఉంటే లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ దెబ్బతింటుంది. బేస్‌లు మాత్రమే ఉన్నప్పుడు, ప్యానెల్ (అలారాన్ని నడిపే కంట్రోల్ పెట్టె) వైపు తీగలు కూడా విప్పేసి, ఆ పరీక్ష చేయాలి. సౌండరు లేకపోయినా లైను కొనసాగేలా మా బేస్‌లో ఒక చిన్న స్ప్రింగు రేకు ఉంది, పరీక్ష సమయంలో అది చాలా పనికొచ్చింది.

గోడకు బిగించడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సిమెంటు బ్లాకుల గోడలు కనుక ప్లాస్టరింగు మందం దాటి లోపలికి దిగే పొడవు ప్లగ్గు వాడాలి, చేతికందని ఎత్తులో పైకప్పుకు కాస్త కిందుగా పెట్టాలి, అంతే. స్టిల్టులోనూ గాలీ వానా తగిలే కారిడార్ చివరల్లోనూ పల్చటి బేస్ పనికిరాదు. దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో ఐపీ అంకె చెబుతుంది; పల్చటి బేస్‌తో ఐపీ 54 రక్షణే లభిస్తుంది. లోతైన బేస్ తీసుకుని, కేబుల్ దూరే చోట దాని చుట్టూ సందు మూసే సరైన గ్లాండు బిగిస్తే ఐపీ 65 వస్తుంది. ఏటవాలుగా కొట్టే జూలై జల్లు తగిలే చోట ఆ తేడాకు డబ్బు పెట్టాల్సిందే.

వైరింగు దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే బిగించడానికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఇళ్ల కరెంటు పని చేసి వచ్చినవాళ్లు. లైటుకు తీగ లాగినట్టే సౌండరుకూ లాగుతారు. ఫైర్ ప్యానెల్ మామూలు సమయంలో సౌండరు లైన్లోకి ప్లస్, మైనస్‌లను తారుమారు చేసి చిన్న కరెంటు పంపుతూ ఉంటుంది. సౌండరు లోపలి డయోడు ఆ కరెంటును అడ్డుకుంటుంది కనుక అది మోగదు. లైను చిట్టచివర పెట్టిన రెసిస్టరు గుండా కరెంటు తిరిగి వస్తుంటే తీగ ఎక్కడా తెగలేదని ప్యానెల్‌కు తెలుస్తుంది. అలారం వచ్చినప్పుడు ప్లస్, మైనస్‌లు సరైన దిశకు మారతాయి, అన్ని సౌండర్లూ మోగుతాయి. ఈ పద్ధతి పనిచేయాలంటే తీగ ఒక బేస్‌లోకి వచ్చి, అందులోంచే బయటికి వెళ్లి, తరువాతి బేస్‌లో దిగాలి. మధ్యలో ఎక్కడైనా టీ జాయింటు కొట్టి పక్కకు ఒక కొమ్మ లాగితే, ఆ కొమ్మ తెగినా చివరి రెసిస్టరు దాకా దారి అలాగే ఉంటుంది కాబట్టి ప్యానెల్ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ సౌండరు మాత్రం నిప్పంటుకున్న రోజున నోరు మెదపదు. మా నాలుగో అంతస్తులో పాత పనివాళ్లు జంక్షన్ బాక్సులో ఇలాంటి జాయింటే వేశారు. టేపు విప్పి చూస్తే కొమ్మ తీగల్లో ఒకటి ఎప్పుడో ఊడిపోయి నల్లబడి ఉంది. అక్కడి హూటరు మోగనందుకు కారణం హూటరు కాదని అప్పుడు తేలింది.

కేబుల్ అమ్మేటప్పుడు ఎఫ్ఆర్ఎల్ఎస్ తీగనే 'ఫైర్ తీగ' అని చెప్పి అంటగడతారు. అది మంటను వ్యాపింపజేయదు, తక్కువ పొగ వదులుతుంది, అంతవరకు మంచిదే. అయితే మంటల మధ్య కూడా కరెంటును మోస్తూనే ఉండేది వేరే రకం, రాగి మీద మైకా పట్టీ చుట్టిన ఫైర్ సర్వైవల్ కేబుల్. పొగను పసిగట్టే డిటెక్టరు తన కబురు చెప్పేశాక దాని తీగ కాలిపోయినా పెద్ద నష్టం లేదు. సౌండరు మాత్రం అందరూ బయటపడేదాకా మోగాలి. అందుకని సౌండర్ల లైనుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల ఫైర్ సర్వైవల్ కేబుల్ వేయించి, ప్లాస్టిక్ క్లిప్పులకు బదులు లోహపు శాడిళ్లతో బిగించాము. ఖర్చు పెరిగిన మాట నిజమే, మీటింగులో దీని మీద గొడవ కూడా జరిగింది.

ఇక సెట్టింగు. సౌండరు వెనక ఐదు డిప్ స్విచ్‌లు ఉంటాయి. వాటి ఆన్, ఆఫ్ కలయికలతో 32 రకాల మోతలు వస్తాయి. పక్కనే శబ్దం స్థాయికి మరో స్విచ్. గోరుతో జరిపే సైజులో ఉండవు, చిన్న స్క్రూడ్రైవరు మొన కావాలి. ఏ కలయికకు ఏ మోతో చెప్పే పట్టిక కరపత్రం మీద భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది. ఈ సరుకులో నాకు నచ్చని మొదటి విషయం ఇదే. నిచ్చెన మీద నిలబడి ఆ పట్టిక చదవడం అయ్యే పని కాదు. అన్నింటినీ కిందనే, బల్ల మీద, ఒకేలా సెట్ చేసి పైకి పంపించాలి.

ఏ మోత ఎంచుకోవాలన్నది రుచికి సంబంధించిన విషయం కాదు. భవనమంతా ఒకటే మోత ఉండాలి, అది లిఫ్టు గంటకో కారు రివర్సు హారనుకో దగ్గరగా ఉండకూడదు. కీచుమనే పై స్థాయి (ఎక్కువ హెర్ట్జ్) మోతలు చెవికి గట్టిగా తగిలినట్టనిపించినా తలుపులు దాటేసరికి నీరసిస్తాయి, పైగా వయసు మీదపడ్డవారికి ముందుగా తగ్గేది ఆ స్థాయి వినికిడే. అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72 నిద్రించే చోట్ల 520 హెర్ట్జ్ మోత అడగడానికి కారణం అదే. మా సౌండర్లలో అంత తక్కువ స్థాయి మోత లేదు గనుక, 800, 970 హెర్ట్జ్‌ల మధ్య మారుతూ మోగేదాన్ని ఎంచుకున్నాము.

బిగింపు పని చేసిన సంస్థ పేరు ఇక్కడ చెప్పను. పనివాళ్లు మర్యాదస్తులే, సమయానికి వచ్చారు, గోడలు పాడుచేయలేదు. అయితే టెస్టింగ్ అంటే ప్యానెల్ దగ్గర బటన్ నొక్కి, కారిడార్లో నిలబడి, చెవులు మూసుకోవడమే అని వాళ్ల ఉద్దేశం. ఇళ్ల లోపల కూడా కొలవాలని నేను అడిగితే, "సార్, అన్నీ ఫుల్ సౌండుల పెట్టినం, ఇంకేం గావాలె" అన్నాడు సూపర్‌వైజరు. శబ్దం కొలిచే మీటరు వాళ్ల దగ్గర లేదు. ఫోనులోని యాప్‌లను ఇలాంటి పనికి నమ్మకూడదు కాబట్టి ఒక మీటరు అద్దెకు తెప్పించాము.

మన దేశంలో ఈ పనికి ఆధారం ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం. దాని ప్రకారం అలారం శబ్దం 65 డెసిబెల్ గాని, అక్కడి మామూలు చప్పుడుకంటే 5 డెసిబెల్ ఎక్కువ గాని, ఏది ఎక్కువైతే అంత ఉండాలి. నిద్రపోయేవారిని లేపాలంటే మంచం తల దగ్గర 75 ఉండాలి. డబ్బా మీది 100 ఒక మీటరు దూరానికి చెప్పిన మాట. అడ్డంకి లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుంది, అంటే రెండు మీటర్లకు 94, నాలుగుకు 88, ఎనిమిదికి 82. మూసిన మామూలు తలుపు మరో 20 దాకా మింగేస్తుంది, ఫైర్ డోరైతే 30 దాకా. మా కారిడార్లో గోడల ప్రతిధ్వని వల్ల ఇంటి గుమ్మం బయట 87 చూపించింది. మెయిన్ డోర్ మూసి హాల్లో కొలిస్తే 63. పడకగది తలుపు కూడా మూసి, ఏసీ వేసి, తలగడ దగ్గర మీటరు పెడితే 47, ఏసీ చప్పుడుకూ అలారానికీ తేడా తెలియడమే కష్టం. కారిడార్లో చెవులు చిల్లులు పడే సౌండరు, మనిషి పడుకునే చోట ఫ్యాను గాలిలో కలిసిపోతోంది. 2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ దగ్గర 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదం జరిగింది ఉదయం ఆరు గంటల వేళ. అలాంటి వేళ ఎవరి ఇంట్లోనైనా తలుపులు మూసే ఉంటాయి.

ఈ లెక్కలు చూపించాక ఇళ్ల లోపల కూడా సౌండర్లు పెట్టడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. హాలు గోడకు బిగించి చూస్తే వెనక పడకగదిలో 70 దాకా వచ్చింది; హాలుకూ పడకగదులకూ మధ్యనున్న సన్నటి దారిలో పెడితే 77. కాబట్టి జాగా అదే. హాల్లో టీవీ పైన పెడితే అందంగా ఉంటుందన్న వాదనను పక్కన పెట్టాల్సి వచ్చింది.

దీంతో కరెంటు లెక్క మారిపోయింది. ఎంచుకున్న మోతకు ఒక్కో సౌండరు 18 మిల్లీయాంపులు తీసుకుంటుంది. కారిడార్లలో 18, ఇళ్లలో 45, మొత్తం 63 సౌండర్లకు 1.13 యాంపులు. మా ప్యానెల్‌లోని రెండు సౌండరు సర్క్యూట్లు తలా అర యాంపు మాత్రమే ఇవ్వగలవు. సొంత బ్యాటరీలున్న మరో 24 వోల్టుల పవర్ సప్లై పెట్టి, ప్యానెల్ సంకేతంతో అది పనిచేసేలా కలపాల్సి వచ్చింది. తీగలో వోల్టేజీ పడిపోతుందని ఇన్‌స్టాలరు భయపెట్టాడు గాని అది అనవసరపు భయం: 1.5 రాగి తీగకు కిలోమీటరుకు 12.1 ఓములే కనుక, 100 మీటర్ల లైనులో రానూపోనూ కలిపి 2.4 ఓములు, అర యాంపు పారినా వోల్టుకు కాస్త పైన మాత్రమే తగ్గుతుంది. ఇలాంటి సౌండర్లు అంతకంటే ఎంతో తక్కువ వోల్టేజీలో కూడా మోగుతాయి. కొనేముందు మోతవారీ కరెంటు పట్టిక తప్పక చూడాలి, ఎందుకంటే అదే సౌండరు ఒక మోతకు తీసుకునే కరెంటు మరో మోతకు రెండు మూడు రెట్లు ఉంటుంది.

లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. సౌండరును తిప్పి ఊడదీయకుండా బిగించే చిన్న లాక్ స్క్రూ డబ్బాలో విడిగా వస్తుంది, పనివాళ్లు దాన్ని కవరుతో సహా పారేస్తారు. అది లేకపోతే పసిపిల్లలున్న ఇంటివాళ్లు మొదటి టెస్టు మర్నాడే సౌండరు తిప్పి తీసి అలమారులో పెడతారు. మా దగ్గర రెండిళ్లలో జరిగింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అడిగితే కొలిచి, 75కు తగ్గకుండా, వాల్యూం స్విచ్ కింది స్థాయికి మార్చి ఇచ్చాము, దాంతో గొడవ సద్దుమణిగింది. స్టిల్టులో పెట్టినవాటి నోట్లో కందిరీగలు మట్టిగూడు కట్టే అవకాశం ఉంది కనుక నోరు కిందికి ఉండేలా బిగించాలి. దసరాకు రంగులు వేయించేటప్పుడు పెయింటర్లు అంటించిన టేపు తీశారో లేదో చూడటం వాచ్‌మన్‌కు అప్పజెప్పాము.

మొత్తం మీద సరుకుకు అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది కరపత్రానికీ విడి స్క్రూకూ. బిగింపు సేవకు రెండున్నర కంటే ఇవ్వలేను. ఒకటే గది ఉన్న చిన్న దుకాణానికి ఇంత ఖరీదైన సౌండరు అక్కర్లేదు, రాణిగంజ్ చౌక హూటరు చాలు, కాకపోతే దానికి కూడా ప్లస్, మైనస్ సరిచూసి, చివరి రెసిస్టరు బిగించమని అడగండి. తలుపులు మూసుకుని మనుషులు పడుకునే హాస్టళ్లకు, లాడ్జీలకు, అపార్టుమెంట్లకు మాత్రం డిప్ స్విచ్‌లూ విడి బేస్ ఉన్న ఈ రకమే తీసుకోవాలి. ఇన్‌స్టాలరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు, పడకగది తలుపు మూసి తలగడ దగ్గర కొలిచిన అంకెలు గదివారీగా రాసి సంతకం చేసి ఇవ్వాలన్న షరతు పెట్టి, చివరి విడత డబ్బు ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆపి ఉంచడం మంచిది.